కాలువకున్న విరామం పిల్లలకు లేదు: గోదావరి డెల్టా టీనేజ్ క్రీడాకారుల్లో బర్నౌట్

క్లుప్తంగా: పోటీ ఆటల్లో ఉన్న టీనేజ్ పిల్లలు ఉన్నట్టుండి ఆట పేరెత్తితేనే మొహం తిప్పుకోవడానికి శ్రమ ఒక్కటే కారణం కాదు. కోత పడిన నిద్ర, ఏడాది పొడవునా ఆగని ప్రాక్టీసు, ఆట మీద పెట్టిన డబ్బు, ‘మానేస్తాను’ అని చెప్పే వీలు లేకపోవడం అన్నీ కలిస్తే బర్నౌట్ వస్తుంది. డెల్టాలోని ఉక్క, వానలు, పరీక్షల క్యాలెండర్ ఆ ఒత్తిడిని ఇంకా పెంచుతున్నాయి. తొలి దశలోనే గమనిస్తే కొన్ని వారాల విరామంతో కోలుకునే అవకాశం ఎక్కువ.

పదకొండేళ్లప్పుడు షటిల్ కోర్టు తాళం తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్న పిల్లాడే పదిహేనేళ్లు వచ్చేసరికి సెలక్షన్స్ రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. జ్వరం ఉండదు. డాక్టరుకు చూపిస్తే ఏమీ కనపడదు. మధ్యాహ్నం సెలక్షన్స్ అయిపోయాక నొప్పి దానంతటదే తగ్గిపోతుంది. ఇలాంటి పిల్లలు డెల్టాలో ఏ ఊరి గ్రౌండ్‌కు వెళ్లినా ఒకరిద్దరు తగులుతారు.

ఇంట్లో దీనికి బద్ధకం అని, పొగరు అని, లేదంటే ఫామ్ పోయిందని పేరు పెడతారు. బద్ధకమనుకుంటే తిట్లు పడతాయి. ఫామ్ పోయిందనుకుంటే ఇంకో గంట ప్రాక్టీసు పెంచుతారు. రెండింటివల్లా పరిస్థితి ముదురుతుందే తప్ప తగ్గదు. అసలు సంగతికి తెలుగులో చాలా దగ్గరగా ఉన్న మాట ‘మొహం మొత్తడం’. ఎంత ఇష్టమైన కూరయినా రోజూ రెండు పూటలా అదే వడ్డిస్తే ఒకనాటికి గిన్నె మూత తీయగానే వెగటు పుడుతుంది. కూరలోనూ తప్పు లేదు, తినేవాడిలోనూ తప్పు లేదు.

మామూలు అలసట వేరు, ఇది వేరు

బర్నౌట్ అనే మాటను 1974లో అమెరికా మానసిక నిపుణుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ సేవా సంస్థల్లో పనిచేసి అలసిపోయినవాళ్ల గురించి వాడాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ దాన్ని ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే నిర్వచిస్తోంది. ఆటల విషయంలో స్పష్టత తెచ్చినవాళ్లలో థామస్ రేడెకీ ఒకరు. 13 నుంచి 18 ఏళ్ల ఈతగాళ్లపై ఆయన చేసిన అధ్యయనం 1997లో వచ్చింది. క్రీడాకారుల బర్నౌట్‌కు మూడు గుర్తులున్నాయని ఆయన చెప్పాడు. ఒంట్లోనూ మనసులోనూ శక్తి ఇంకిపోవడం మొదటిది. ఎంత చేసినా ఏమీ సాధించడం లేదనిపించడం రెండోది. ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న ఆటకే విలువ లేదనిపించడం మూడోది. మామూలు అలసట నుంచి బర్నౌట్‌ను వేరుచేసేది ఎక్కువగా ఈ మూడో గుర్తే. అలసిన పిల్లాడు రెండు రోజులు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతే మళ్లీ రాకెట్ పట్టుకుంటాడు. మొహం మొత్తినవాడికి విశ్రాంతి తర్వాత కూడా రాకెట్ చూడాలనిపించదు.

ఇంకో రెండు స్థితులను దీంతో కలిపేస్తుంటారు. శరీరం కోలుకునే వేగం కన్నా శిక్షణ భారం చాలాకాలం ఎక్కువగా ఉంటే వచ్చేది ఓవర్‌ట్రైనింగ్. అందులో టైమింగులు పడిపోతాయి, ఒళ్లు బరువెక్కుతుంది, తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అక్కడ ఆడాలన్న కోరిక ఉండవచ్చు, ఒళ్లే సహకరించదు. రెండోది డిప్రెషన్. అందులో ఆటతో పాటు అన్నిటి మీదా ఆసక్తి పోతుంది. బర్నౌట్ మొదట్లో ఆటకే పరిమితం. ప్రాక్టీసంటే కాళ్లు కదలని కుర్రాడు కనుమ నాడు ప్రభల తీర్థంలో స్నేహితులతో సాయంత్రం దాకా హుషారుగా తిరుగుతాడు. అది చూసి ‘వీడికేం రోగం లేదు, అన్నీ నాటకాలు’ అని ఇంట్లోవాళ్లు తీర్మానిస్తారు. నిజానికి ఆ హుషారు మంచి సూచన. సమస్య ఇంకా ఆట దాటి పాకలేదని దానర్థం. పట్టించుకోకుండా వదిలేస్తే పాకే ప్రమాదం ఉంది.

ఒక రోజు లెక్క

పోటీల్లో ఉన్న పదో తరగతి షటిల్ ఆటగాడి దినచర్య డెల్టా పట్టణాల్లో దాదాపు ఇలా ఉంటుంది. నాలుగున్నరకు అలారం. గ్లాసుడు పాలు తాగి, నాన్న బండి వెనక సగం నిద్రలో కోర్టుకు. ఐదు నుంచి ఏడు దాకా ప్రాక్టీసు. ఇంటికొచ్చి స్నానం చేసి, రెండు ఇడ్లీలు నోట్లో వేసుకుని బడి. సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా మళ్లీ కోర్టు. తర్వాత ట్యూషన్, హోంవర్క్. పడుకునేసరికి పదిన్నర.

ఇందులో నిద్ర ఆరు గంటలే. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సూచించింది. యుక్తవయసులో నిద్రమత్తు తెచ్చే మెలటోనిన్ హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. తొమ్మిదింటికే పడుకోమంటే పిల్లలు దొర్లుతూ ఉండటానికి కారణం అది, ఫోన్ ఒక్కటే కాదు. నిద్ర తగ్గితే కండరాల మరమ్మతు కుంటుపడుతుంది, చిన్న ఓటమికే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, గాయాలు పెరుగుతాయి. 8 గంటల కంటే తక్కువ నిద్రపోయే టీనేజ్ క్రీడాకారులకు గాయాల అవకాశం 1.7 రెట్లు ఉన్నట్టు 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది.

ఇక ప్రాక్టీసు. రోజుకు నాలుగున్నర గంటలు, వారానికి ఆరు రోజులు అనుకుంటే 27 గంటలవుతుంది. పిల్లల వైద్యులు, కోచ్‌లు గుర్తుపెట్టుకోవడానికి తేలికైన కొలత ఒకటుంది: వారంలో ప్రాక్టీసు గంటలు పిల్లల వయసు అంకెను దాటకూడదు. పదిహేనేళ్లవాడికి 15 గంటలు. ఆ హద్దు దాటినవాళ్లలో పదేపదే వాడకం వల్ల వచ్చే తీవ్ర గాయాలు ఎక్కువని 2015లో వచ్చిన మరో అధ్యయనం తేల్చింది. ఇది చట్టం కాదు, కచ్చితమైన గీతా కాదు. ఆటను బట్టి, పిల్లల ఒంటి తీరును బట్టి మారుతుంది. కానీ 15 చోట 27 ఉంటే ఒకసారి ఆగి ఆలోచించాల్సిందే.

అండర్-14 చాంపియన్ అండర్-17లో ఎందుకు ఓడతాడు

స్కూల్ గేమ్స్‌లో పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19గా ఉంటాయి. ఈ విభజనలోనే ఒక ఉచ్చు దాగి ఉంది. పదమూడేళ్లకే మీసకట్టు వచ్చి, ఒక్క ఏడాదిలో నాలుగంగుళాలు పెరిగిన పిల్లాడు అండర్-14లో సులువుగా గెలుస్తాడు. అందులో ప్రతిభ ఎంత, ముందొచ్చిన ఎదుగుదల ఎంత అన్నది అప్పుడెవరూ విడదీసి చూడరు. స్కూల్లో సన్మానం, లోకల్ పేపర్లో ఫొటో, ‘మనవాడికి నేషనల్స్ ఖాయం’ అనే మాట వరసగా వచ్చేస్తాయి.

ఏడాది తిరిగేసరికి ఆ పిల్లాడు అండర్-17లో చిన్నవాడు. ఎదురుగా పదహారేళ్లవాళ్లు నిలబడతారు. ఆలస్యంగా ఎదిగిన తోటివాళ్లు కూడా ఈలోగా అందుకుంటారు. ఆట తగ్గలేదు, ప్రాక్టీసు పెరిగింది, అయినా తొలి రౌండులోనే ఓటమి. ‘ఎంత చేసినా ఏమీ సాధించడం లేదు’ అనే రెండో గుర్తు ఇక్కడే మొలకెత్తుతుంది. వయసు తక్కువ చూపించే సర్టిఫికెట్లతో దిగేవాళ్లు ఎదురైతే నిజాయితీగా ఆడేవాడి మీద ఆ దెబ్బ రెట్టింపు. వయసు మోసాన్ని క్రమశిక్షణ సమస్యగానే చూస్తారు గానీ, ఎదుటి కోర్టులో నిలబడ్డ పిల్లాడి మనసుకు అది చేసే హాని గురించి మాట్లాడటం చాలా అరుదు.

గట్టిగా ఎదిగే రోజుల్లో మోకాలి కింద, మడమ దగ్గర నొప్పులు కూడా మామూలే. ఎముక వేగంగా పెరుగుతున్నప్పుడు కండరం దాన్ని అతుక్కున్న చోట లాగుతుంటుంది. కొన్నాళ్లు గెంతులు, పరుగులు తగ్గిస్తే చాలావరకు తగ్గిపోతుంది. అది నెపమనుకుని తరిమితే పిల్లలకు ఆట మీదకన్నా ముందు పెద్దల మీద నమ్మకం పోతుంది.

మానేసే దారి మూసుకుపోతే

ఒకే రకం ప్రాక్టీసు చేసే ఇద్దరిలో ఒకరు అలాగే నిలబడి, ఇంకొకరు కాడి దించేయడానికి కారణం గంటల్లో దొరకదు. 1992లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త జే కోక్లీ చూపించిన కారణం ఇది: పిల్లల గుర్తింపు అంతా ఆటే అయిపోయి, వాళ్ల జీవితం మీద నిర్ణయాలన్నీ పెద్దల చేతుల్లో ఉన్నప్పుడు, బయటపడటానికి వాళ్లకు కనిపించే దారి ఆటను వదిలేయడమే. రేడెకీ అధ్యయనంలోనూ ఇష్టం కొద్దీ ఆడేవాళ్ల కంటే, ఇరుక్కుపోయామన్న భావనతో కొనసాగుతున్నవాళ్లలో బర్నౌట్ ఎక్కువగా కనిపించింది.

డెల్టాలో ఈ ఇరుకు ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. డజను ఈకల షటిల్స్ బాక్సు వెయ్యి రూపాయల పైమాటే. బూట్లు, రాకెట్‌కు తీగలు బిగించే గట్టింగు, కోచింగ్ ఫీజు, ఊరూరా టోర్నమెంట్లకు రైలు చార్జీలు, లాడ్జి ఖర్చులు దానికి తోడు. కౌలు రైతుకో, చిన్న ఉద్యోగికో అది తేలిక భారం కాదు. ఎదురుగా ఫలితాల ఆశ కూడా నిజమైనదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంతో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారులకు నెలకు 10,000 రూపాయల భత్యం వస్తుంది. కాలేజీ సీట్లకు సర్టిఫికెట్ పనికొస్తుంది. తల్లిదండ్రులు వేసుకునే లెక్కలో తప్పేమీ లేదు. ఆ లెక్క పిల్లలకు రోజూ వినపడటంలోనే ఇబ్బంది ఉంది.

అది ఎక్కువగా వినపడే చోటు ఓడిపోయి ఇంటికి వెళ్లే బండి. కోర్టు గేటు దాటి కాలువ గట్టెక్కేసరికి నాన్న మొదలుపెడతాడు. ‘రెండో గేములో ఆ సర్వీసు ఎందుకు నెట్‌కి కొట్టావ్? నీ కోసం ఈ నెల ఎంతయిందో తెలుసా?’ వెనక కూర్చున్నవాడికి దిగిపోయే వీలు లేదు, ఎదురు చెప్పే వీలూ లేదు. తిట్టాలన్న ఉద్దేశం ఆ తండ్రికి లేకపోవచ్చు, నిజంగానే తెలుసుకోవాలని అడిగి ఉండవచ్చు. కానీ పిల్లాడికి చేరే అర్థం ఒక్కటే: ఓడితే ఇంట్లో తన విలువ తగ్గుతుంది. ఇలాంటి ప్రయాణాలు యాభై జరిగాక సెలక్షన్స్ పొద్దున కడుపునొప్పి రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ నొప్పి అబద్ధం కూడా కాదు. టెన్షన్ పెరిగితే పేగుల కదలిక మారి నిజంగానే నొప్పి పుడుతుంది.

డెల్టా వాతావరణం, డెల్టా క్యాలెండర్

రబీ పంట చేతికొచ్చాక ధవళేశ్వరం బ్యారేజీ నుంచి డెల్టా కాలువలకు నీళ్లు కట్టేస్తారు. ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీస్తారు, గుర్రపుడెక్క తొలగిస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. ఏడాదంతా నీళ్లు పారితే కాలువ పూడుకుపోతుందని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ వారాల్లోనే పిల్లలకు సమ్మర్ క్యాంపులు మొదలవుతాయి. బడి లేదు కాబట్టి రెండు పూటలా ప్రాక్టీసు. జూన్‌లో బడి తెరిచాక స్కూల్ గేమ్స్ మండల, జిల్లా సెలక్షన్స్. ఎంపికైతే స్టేట్ మీట్, ఆపైన నేషనల్స్. అవి ముగిసేలోపు పదో తరగతి, ఇంటర్ పరీక్షల ప్రిపరేషన్. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్ దాటగానే మళ్లీ క్యాంపు. ఈ చక్రంలో ఖాళీ నెల ఎక్కడా లేదు.

వాతావరణం దీనికి తోడవుతుంది. మే నెలలో డెల్టా ఉక్కలో చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అదే డ్రిల్లుకు గుండె ఎక్కువ కొట్టుకోవాలి. షటిల్ హాళ్లలో పరిస్థితి ఇంకా కష్టం. గాలికి షటిల్ పక్కకు పోతుందని ఫ్యాన్లు ఆపేసి, కిటికీలు మూసేసి ఆడతారు. గంట తర్వాత టీషర్టు పిండితే నీళ్లు కారతాయి. డిసెంబరులో సరిపోయిన షెడ్యూల్‌నే మేలో పెడితే శరీరం మీద భారం ఒకటి కాదు.

బయట గ్రౌండ్లలో ఆడే కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్ పిల్లలకు చిక్కు వానల్లో. ఒండ్రు నేల వారాల తరబడి నీళ్లు పట్టి ఉంటుంది, అక్టోబరు, నవంబరు వాయుగుండాలు మిగతా రోజులు తినేస్తాయి. ప్రాక్టీసు ఆగిపోయి, ఆరిన వెంటనే మీట్ ముంచుకొస్తుంది. పోయిన రోజులన్నీ పది రోజుల్లో పూడ్చాలని కోచ్‌లు భారం ఒక్కసారిగా పెంచుతారు. గాయాలకు, నీరసానికి ఎక్కువ దారితీసేది ఇలాంటి హఠాత్ పెంపే.

ఇంకో ఒత్తిడి వలస. మెరుగైన కోచింగ్ కోసం హైదరాబాద్, విజయవాడ వెళ్లక తప్పదన్న అభిప్రాయం బలంగా ఉంది. అమలాపురంలో పుట్టిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీకి చేరి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌జౌ ఆసియా క్రీడల డబుల్స్ స్వర్ణం గెలిచి, అదే ఏడాది ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. కోనసీమ పిల్లలకు ఆ పేరు ఇచ్చే ఉత్సాహం చాలా విలువైనది. కానీ పద్నాలుగేళ్లకు ఇల్లు వదిలి హాస్టల్లో ఉండటం అందరికీ ఒకేలా పడదు. అమ్మ వంట, వీధి స్నేహితులు, చెప్పుకునే మనిషి ఒక్కసారిగా దూరమయ్యాక మిగిలేది ఆట ఒక్కటే. అక్కడ తడబడి తిరిగొచ్చినవాళ్ల సంగతి ఎవరూ రాయరు కాబట్టి, ఆ దారిలో నష్టం ఎంతో తల్లిదండ్రుల అంచనాకు అందదు.

అమ్మాయిల విషయంలో చూడాల్సినవి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. రక్తంలో ఇనుము తగ్గిన అమ్మాయికి రెండు రౌండ్లకే ఆయాసం వస్తుంది, దేని మీదా మనసు నిలవదు. పైకి అది అచ్చం బర్నౌట్‌లా కనిపిస్తుంది. అందుకే మనసు సంగతి తేల్చేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయిపోయే పని అది. శ్రమకు తగ్గ తిండి లేకపోతే నెలసరి నెలల తరబడి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడతాయి. ‘బాగా ప్రాక్టీసు చేస్తే అలాగే ఉంటుందిలే’ అని సర్దుకునే విషయం కాదు, డాక్టరు చూడాల్సిన విషయం. బరువు పరిమితి ఉన్న కబడ్డీలో, బరువు విభాగాలున్న వెయిట్ లిఫ్టింగ్, రెజ్లింగ్‌లో తూకానికి ముందు అన్నం, నీళ్లు మానేసే అలవాటు అబ్బాయిలనూ ఇదే స్థితికి తెస్తుంది.

ఇక కొందరు అమ్మాయిలు ఆట మానేయడానికి బర్నౌట్‌తో సంబంధమే ఉండదు. చీకటి పడ్డాక ఇంటికి రావడం, షార్ట్స్ మీద చుట్టాల మాటలు, గ్రౌండ్‌లో సరైన టాయిలెట్ లేకపోవడం వాళ్లను ఆపేస్తాయి. వాళ్లకు విరామం ఇచ్చి లాభం లేదు, ఆ అడ్డంకులే తీయాలి.

మిగతా చోట్ల ఏం చేశారు

అమెరికా టెన్నిస్ క్రీడాకారిణి జెన్నిఫర్ కాప్రియాటి 1990లో పద్నాలుగు నిండకముందే ప్రొఫెషనల్ అయింది. 1993 తర్వాత ఆటకు చాలాకాలం దూరమైంది. ఆ అనుభవాల తర్వాత మహిళల టెన్నిస్ సంఘం చిన్న వయసు క్రీడాకారిణులు ఏడాదికి ఎన్ని టోర్నీలు ఆడవచ్చో పరిమితి పెట్టింది. కాప్రియాటి తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ ఓపెన్ టైటిళ్లు గెలిచింది. జిమ్నాస్టిక్స్‌లో మహిళల సీనియర్ పోటీలకు కనీస వయసు 1997 నుంచి 16. ఫిగర్ స్కేటింగ్‌లో దాన్ని 15 నుంచి 17కు పెంచాలని 2022లో నిర్ణయించారు.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచనలు నేరుగా ఇళ్లకు ఉపయోగపడేవి. వారానికి కనీసం ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఒక ఆట నుంచి ఏడాదిలో మొత్తం రెండు మూడు నెలల విరామం, దాన్ని నెలేసి చొప్పున విడగొట్టుకోవచ్చు. పదిహేను పదహారేళ్ల దాకా ఒకే ఆటకు కట్టేయకపోవడం. ముందు మొదలుపెట్టకపోతే వెనకబడతామనే భయానికి 2022లో వచ్చిన ఒక విస్తృత పరిశోధన సమాధానమిచ్చింది. పెద్దయ్యాక ప్రపంచస్థాయికి చేరినవాళ్లు, జాతీయస్థాయిలో ఆగినవాళ్లతో పోలిస్తే, చిన్నప్పుడు ఎక్కువ ఆటలు ఆడి, తమ ప్రధాన ఆటను ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లే.

ఇంట్లో, గ్రౌండ్‌లో చేయగలిగినవి

పొద్దున లేవగానే మంచం దిగకముందు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టడం ఏ ఖర్చూ లేని కొలత. రెండు వారాలు నోటుబుక్కులో రాస్తే మామూలు అంకె తెలుస్తుంది. ఆ తర్వాత వరసగా మూడు నాలుగు రోజులు అది ఎనిమిదో పదో పెరిగి ఉంటే ఆ వారం భారం తగ్గించడం మంచిది. జ్వరం, టెన్షన్ వల్ల కూడా నాడి పెరుగుతుంది కాబట్టి అదే పేజీలో నిద్ర గంటలు, ఆ రోజు ఆడాలనిపించిందా లేదా అన్న ఒక్క మాట రాయిస్తే పరిస్థితి పూర్తిగా తెలుస్తుంది. పుస్తకం పిల్లల దగ్గరే ఉండాలి, కోచ్‌కు చూపించాలా వద్దా అన్నది వాళ్లకే వదలాలి.

ఓడిన రోజు బండి మీద ఆట ఊసెత్తకుండా దారిలో ఏదైనా తినిపించి ఇంటికి తీసుకురావడం తండ్రి చేయగలిగిన పని. పరీక్షలయ్యాక క్యాంపు మొదలయ్యేలోపు మూడు వారాలు కోర్టుకు తాళం వేయడం కోచ్ చేయగలిగిన పని. ఫీజు పోతుందన్న భయం కోచ్‌కు, వెనకబడతామన్న భయం ఇంటికి ఉంటాయి కాబట్టి దీన్ని ఎవరికి వారు చేయలేరు. జిల్లాస్థాయిలో అందరికీ ఒకే విరామం ప్రకటిస్తే ఆ భయం ఎవరికీ ఉండదు. బడుల్లో పీఈటీ మాస్టార్లకు ఈ లక్షణాల గురించి ఒక్కరోజు శిక్షణ ఇచ్చినా తేడా కనిపిస్తుంది, ఎందుకంటే పిల్లల నడక మారడం ముందు గమనించేది వాళ్లే.

నిద్ర, తిండి, చదువు, స్నేహాలు అన్నీ దెబ్బతింటుంటే, బతకాలని లేదన్న మాట నోట వస్తే అది విరామంతో తీరేది కాదు. వెంటనే మానసిక వైద్యుడిని కలవాలి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

విరామం తర్వాత తిరిగి మొదలుపెట్టేటప్పుడు మొదటి వారం కోచ్ లేకుండా, స్కోరు లేకుండా, ఇష్టమైన స్నేహితుడితో అరగంట ఆడనివ్వాలి. కావాలంటే వేరే ఆటైనా సరే. ఆ వారం చివర ‘వచ్చే వారం వెళ్దామా?’ అని ఒక్కసారే అడగాలి. వద్దంటే ఎందుకని గుచ్చకుండా ఇంకో రెండు వారాలు ఆగి మళ్లీ అడగవచ్చు. అప్పుడూ వద్దంటే రాకెట్‌ను అటక మీద పెట్టకుండా పిల్లలకు అందే చోటే ఉంచాలి.